పుస్తకముల మూట మోసిన మహనీయుడు: శ్రీ వట్టికోట ఆళ్వారుస్వామిగారి జీవితము

గ్రంథము వ్రాయుట యొక తపస్సు. గ్రంథమును అచ్చువేయించుట యొక సేద్యము. అచ్చైన గ్రంథమును చదువరి చేతికి జేర్చుట యొక యాత్ర. ఈ మూడు కార్యములును మూడు తెగల జనుల చేతిమీదుగా జరుగుట లోకమున సాధారణము. కవి వ్రాయును; ప్రచురణకర్త పెట్టుబడి పెట్టును; అంగడివాడు విక్రయించును. ఈ మూడు బరువులను ఒక్క మనుష్యుడే తన భుజములపై నెత్తికొని, ధనబలము లేక, కులబలము లేక, పాఠశాలల చదువును నిండుగా లేక, కేవలము మనోబలముచేత నిర్వహించెననగా మొదట నమ్ముట కష్టము. అట్టివాడు మన తెలంగాణమున నుండెను. ఆయనయే శ్రీ వట్టికోట ఆళ్వారుస్వామిగారు. వారు కీర్తిశేషులై ఆరు దశాబ్దములు దాటినది.

ఈ మహనీయుడు మన పద్మశాలి కులమున బుట్టినవాడు కాడు. మన కరీంనగర, ఆదిలాబాదు సీమలవాడును గాడు. అట్టివాని జీవితమును మన మహాసభా సంచికలో వ్రాయుటకు గారణమేమని పాఠకమహాశయులు ప్రశ్నింపవచ్చును. కారణము గలదు. మన పెద్దల యిండ్లలో శతకములు, హరికథలు, యక్షగానములు, నేతపనివారి పాటలు వ్రాతప్రతులుగానే యటకలమీద నిలిచియున్నవి. వీనిని పేరుగల ప్రచురణకర్తల కిచ్చి వారి దయకై వేచియుండుటయా, లేక మనమే చందాలు గూర్చికొని అచ్చువేయించుటయా యను ప్రశ్న మన కార్యవర్గమునందు ప్రతివత్సరము పుట్టుచున్నది. ప్రతివత్సరము తీరకయే పోవుచున్నది. వాదము తెగని చోట పెద్దల నడవడి చూడవలెనని లోకమర్యాద. కావున ఈ రెండు మార్గములను చక్కగా నెరిగి నడచిన యొక పెద్ద నడవడిని మన సోదరుల ముందుంచుచున్నాము.

మొదట నీ రెండు మార్గముల స్వరూపమును మన వృత్తిలోని యుపమానముతోనే చెప్పుదుము. సిరిసిల్లలో నేతపని యెరిగినవారికి వేరుగా వివరింప నక్కరలేదు. సావుకారు నూలిచ్చును, ఆసామి మగ్గములపై నేయించును, గుడ్డ సావుకారునకు జేరును, కూలి నేతగానికి జేరును. గుడ్డ యమ్ముడుపోకున్నను కూలి ముట్టును. గుడ్డ బంగారమై పోయినను కూలి పెరుగదు. గుడ్డమీద ముద్ర సావుకారుదే. స్వంత నూలు కొని నేసికొనువాని సంగతి వేరు. పడుగు వానిది, పేక వానిది, రంగు వానిది, లాభము వానిది. సంతలో గుడ్డ మిగిలిపోయినచో నింట పొయ్యి వెలుగకపోవుటయు వానిదే. ప్రచురణకర్త చేతికి గ్రంథమిచ్చిన రచయిత మొదటివాడు. తానే కాగితము గొని, కూర్పుపనివానికి గూలియిచ్చి, ప్రూఫులు దిద్దుకొని, అట్ట వేయించి, యిల్లిల్లు దిరిగి యమ్ముకొనువాడు రెండవవాడు. ఇందులో నొకటి మేలనియు నొకటి కీడనియు నొక్కమాటలో దేల్చుట కష్టము.

మన సీమలోనే యొక నిదర్శనము గలదు. ధర్మపురి శేషప్పకవి నరసింహశతకము తెలుగునాట చదువని యిల్లు లేదు. ఆ కవి అచ్చుకూటము నెరుగడు. అతని పద్యములు భక్తుల నాలుకలమీదను, తాళపత్రములమీదను బ్రతికినవి. తరువాతి కాలమున నెందరో ప్రచురణకర్తలు దానిని ముద్రించి యమ్మిరి. వారి మూలమున శతకము గోదావరి దాటి సముద్రతీరము వరకు జేరెను. ఇది ప్రచురణకర్తల వలని మేలు. ఐనను కవి కుటుంబమునకు దక్కినది కీర్తియే. ఆదిలాబాదు సీమలో మరియొక నిదర్శనము. గోండుభాష వేలయేండ్లుగా పాటలయందు నిలిచియుండెను గాని బాలుని చేతికి పుస్తకముగా రాలేదు. 1943 ప్రాంతమున హైమెండార్ఫ్ దొరగారి ప్రయత్నమున మార్లవాయి గ్రామమున నుపాధ్యాయ శిక్షణ ప్రారంభమై, గోండు బాలురకు వారి భాషలోనే వాచకములు సిద్ధమైనవి. పూనుకొనువాడు లేనిచో నెంత గొప్ప వాఙ్మయమైనను అచ్చు మొగము చూడదని దీనివలన దెలియుచున్నది.

ఇక మన కథానాయకుని కాలమున తెలంగాణపు స్థితిని గొంచెము వివరింతుము. నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. పాఠశాలలలో బోధనభాషయు ఉర్దూయే. తెలుగు అచ్చుకూటములు వ్రేళ్ళపై లెక్కింపదగినవి. తెలుగు గ్రంథములను ముద్రించు పెద్ద సంస్థలు మద్రాసునందును, రాజమహేంద్రవరమునందును, బెజవాడయందును నుండెను. 1906లో హైదరాబాదున పుట్టిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి సయితము కొలదికాలమునకే మద్రాసునకు దరలిపోయెను. ఆ మండలి శాశ్వత చందాదారులను గూర్చుకొని శాస్త్రగ్రంథములను, చరిత్రలను వెలువరించిన తీరు తరువాతివారి కందరకు నాదర్శమయ్యెను. చదువరి ముందుగా మాట యిచ్చుట, ఆ మాట ధైర్యముతో ప్రచురణకర్త కాగితము కొనుట, ఇది దానిలోని కీలకము. కాని తెలంగాణపు కుగ్రామములో నొక కవి తన కావ్యమును మద్రాసునకు బంపి, యెవ్వరును దన పేరు వినని చోట నాదరమును బొందుట యెంత కష్టమో యూహింపవచ్చును.

అందుచేత నీ ప్రాంతీయులు స్వయంకృషిని నమ్ముకొనిరి. 1922లో నల్లగొండనుండి శబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు నీలగిరి పత్రికను వెలువరించిరి. ఆ వత్సరముననే ఓరుగల్లు మండలమునందలి ఇనుగుర్తి గ్రామమున ఒద్దిరాజు సోదరులు తమ పల్లెయందే యచ్చుయంత్రమును నెలకొలిపి తెనుగు పత్రికను నడిపిరి. తమ గ్రంథములను దామే ముద్రించుకొనిరి. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున గోలకొండ పత్రిక పుట్టెను. తెలంగాణమున కవులు లేరను నపనిందను బాపుటకై ఆయనయే 1934లో గోలకొండ కవుల సంచికను బ్రకటించి 354 మంది కవులను లోకమునకు జూపిరి. మన కరీంనగరసీమ కవులును అందు గలరు. పరులు ప్రచురింపకపోయినంత మాత్రమున కవులు లేరని తలచుట యెంతటి పొరపాటో ఈ యొక్క సంచిక చాటినది. 1935లో మన సిరిసిల్లయందే నాలుగవ ఆంధ్ర మహాసభ మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతను జరిగెను. ఆ మహాసభలు గ్రంథాలయముల స్థాపనకును, తెలుగు చదువునకును ఊరూర నుత్సాహము గల్పించినవి. గ్రంథాలయములు పుట్టినవి, కాని వానిలో బెట్టుటకు మనవారు వ్రాసిన పుస్తకములేవి? ఈ లోటును దీర్చుటకు బూనిన వారిలో నగ్రగణ్యుడు ఆళ్వారుస్వామిగారు.

వారు 1915వ సంవత్సరము నవంబరు 1వ తేదీన నల్లగొండ మండలమున నకిరేకల్లు సమీపమునందలి చెరువు మాదారమున నొక పేదకుటుంబమున జన్మించిరి. బాల్యముననే తండ్రిని గోల్పోయిరి. ఇంట తినుటకు గతిలేనప్పుడు చదువు మాట యెక్కడిది? ఐనను విద్యపై వారికి గల తృష్ణ యడగలేదు. ఒక యుపాధ్యాయునింట వంటపని చేయుచు, ఆ యింటి పుస్తకములను జదివికొనుచు అక్షరజ్ఞానమును బెంపొందించుకొనిరి. పొయ్యిమీద నెసరు కాగునంతలో పుటలు త్రిప్పిన బాలుడు పిదప తెలంగాణమునకు పుస్తకములు పంచెను. పేదరికమే విద్యకు శత్రువని తలచి నిరాశ జెందు మన పిల్లలకు ఇంతకంటె మంచి పాఠ మేది?

పిమ్మట వారు విజయవాడకు బోయి యొక హోటలునందు పనివానిగా జేరిరి. ఆ పట్టణము పత్రికలకును, గ్రంథాలయములకును, రాజకీయసభలకును నిలయము. బల్లలు తుడుచు చేతితోనే తీరికవేళ పత్రిక పట్టుకొనిరి, ఆంగ్లమును కొంత నేర్చిరి, ఖద్దరు ధరించిరి. 1930 తరువాతి జాతీయోద్యమ వాయువు వారిని సోకెను. కొంతకాలమునకు హైదరాబాదు నగరమునకు వచ్చి గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దు పనిలో నియుక్తులైరి.

ఈ పనిని గూర్చి రెండు మాటలు విశేషించి చెప్పవలసియున్నది. ప్రూఫులు దిద్దువాడు రచయితకును, అచ్చునకును నడుమ నిలుచు ద్వారపాలకుడు. సీసపుటక్షరముల వాసన, కూర్పరి వ్రేళ్ళ వేగము, ఫారమునకు ఎన్ని పుటలు, కాగితము దస్తా ఎంత, అట్ట కట్టుటకు గూలి ఎంత, వేయి ప్రతులకు ఖర్చేమి, అయిదువందల ప్రతులకు ఖర్చేమి: ఇవన్నియు వానికి కరతలామలకములు. మొదటి ప్రతికి గూర్పుఖర్చు సమస్తమును బడును. తరువాతి ప్రతులకు కాగితము, సిరా, అచ్చుకూలి మాత్రమే పడును. కావున కొలది ప్రతులు వేసినచో నొక్కొక్క ప్రతి వెల హెచ్చును. ఎక్కువ ప్రతులు వేసినచో వెల తగ్గును గాని అమ్ముడుపోని ప్రతుల బరువు మీద బడును. ఈ సత్యము నెరుగక అచ్చుకూటమున కాలుపెట్టిన కవులెందరో చేతులు గాల్చుకొనిరి. ఆళ్వారుస్వామిగారు ఆ విద్యను ఎవరి పెట్టుబడితోడనో గాక తమ కండ్లతో నేర్చిరి. ఉద్యోగమే వారికి పాఠశాల యయ్యెను.

1938వ సంవత్సరమున వారు సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. దేశోద్ధారక బిరుదాంకితులైన కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు ఆ యేటనే దివంగతులైరి. పంతులుగారు ఆంధ్రపత్రికను, భారతిని నడిపి, ఆంధ్రగ్రంథమాలను స్థాపించి తెలుగు వాఙ్మయమునకు సొమ్మును, చేతులను ధారపోసిన వారు. పంతులుగారికి అమృతాంజన వ్యాపారము వలన గలిగిన ధనమాధారము. ఆళ్వారుస్వామిగారికి నెలజీతము తప్ప వేరాధారము లేదు. ఐనను ఆ మహనీయుని బిరుదునే తమ మాలకు బేరుగా బెట్టి, ఆయన జూపిన త్రోవను పేదవాని పాదములతో నడచుటకు సాహసించిరి. గ్రంథమాల యని పేరిడుటలోనే యొక మర్మము గలదు. ఒంటి పుస్తకము ఒంటరి బాటసారి వంటిది, త్రోవలో దప్పిపోవచ్చును. మాలలోని పుస్తకమునకు ముందొకటి, వెనుక నొకటి తోడుండును. ఒకటి కొన్నవాడు రెండవదానికి వేచియుండును. ఒకదానిపై వచ్చిన పైకము మరియొక దానికి కాగితమగును.

ఈ మాలయందు ముప్పదికి పైబడి గ్రంథములు వెలువడినవి. వారు తమ రచనలను ముందుగా నచ్చువేసికొనలేదు. ఇతరుల రచనలకే మొదట తావిచ్చిరి. తెలంగాణమున వ్రాయగలవారుండియు వెలుగులోనికి రానివారిని వెదకి పట్టుకొని వ్రాయించిరి. కాళోజీ నారాయణరావుగారి కథల సంపుటి ఈ మాలలోనే వెలువడెను. ఒక సంస్థ పక్షపాతము లేక పరుల గ్రంథమును ప్రచురించినప్పుడే దాని మాటకు విలువ యుండునని వారెరుగుదురు. స్వీయప్రచురణమునకు గల ప్రధానలోప మేమన, వ్రాసినవాడే తీర్పరియగుట. తన బిడ్డ తనకు ముద్దే గదా! ప్రచురణకర్తకు గల ప్రధానగుణ మేమన, పరుని కన్నుతో చూచి తప్పులను జెప్పగలుగుట. ఆళ్వారుస్వామిగారు ఇతరుల వ్రాతకు ఆ పరుని కన్నైరి.

అచ్చువేయించుట సులభము, అమ్ముటయే దుర్ఘటమని పుస్తకవ్యాపారుల యనుభవము. పెద్ద ప్రచురణకర్త అంగళ్ళకు కమీషనిచ్చి పుస్తకములను బంపును. లెక్కలు తేలుటకు నెలలు పట్టును. పేద గ్రంథమాలకు ఆ స్తోమత లేదు. పైగా నాటి తెలంగాణమున పల్లెలలో తెలుగు పుస్తకముల అంగళ్ళే లేవు. కావున వారు పుస్తకముల మూటను నెత్తికెత్తికొని రైలులోను, కాలినడకను ఊరూరు దిరిగిరి. ఒక యూర దిగి పిన్న పెద్దలను గలసి, పుస్తకమునందలి విషయమును జెప్పి, చదువరాని వారికి చదివి వినిపించి, కొనగలవానికి అమ్మిరి. అమ్మిన పైకముతో మరల రైలెక్కిరి. ఇట్టి యాత్రలో వారు పుస్తకములు మాత్రమే పంచలేదు. గ్రంథాలయ మేల, పత్రిక యేల, సంఘ మేల యని బోధించిరి. ఆంధ్ర మహాసభ పనియు, గ్రంథమాల పనియు ఒక్క సంచిలోనే సాగెను.

మన పూర్వులును గుడ్డలమూట భుజమున వేసికొని అంగడి అంగడికి దిరిగినవారే. మూట బరువు మనకు దెలియును. గుడ్డమూట సాయంకాలమునకు తేలికయగును. ఇంటికి బియ్యము వచ్చును. పుస్తకముల మూట అంత త్వరగా దేలిక కాదు. ఒక్క ప్రతి యమ్ముటకు ఒక్క ఝాము మాటలాడవలసి యుండును. ఐనను ఇట్లమ్మిన పుస్తకమునకు ఒక విశేషము గలదు. అమ్మినవాడు చదువరి ముఖమును జూచును. ఏది చదివి సంతోషించుచున్నాడు, ఏ మాట వానికి దెలియకున్నది, ఏ విషయముపై పుస్తకము గోరుచున్నాడు అను సంగతులు వానికి నేరుగా దెలియును. మద్రాసులో గూర్చున్న ప్రచురణకర్తకు ఈ భాగ్యము లేదు. తరువాతి కాలమున ఆళ్వారుస్వామిగారు నవల వ్రాసినప్పుడు అందలి పల్లె మాటలు, దొరగారి గడీ, వెట్టివారి కష్టములు అంత సజీవముగా నుండుటకు ఈ నడకయే కారణమని మేము తలంచుచున్నాము.

1942లో క్విట్టిండియా ఉద్యమమున పాల్గొని వారు కారాగారమున కరిగిరి. అటుపిమ్మట కార్మికసంఘముల నిర్మాణమునందును, కమ్యూనిస్టు పక్షమునందును కృషి చేసి 1946 మొదలు 1951 వరకు మరల నిర్బంధమున నుండిరి. రాజకీయపక్షముల మంచిచెడ్డల విచారణ ఈ సంచికకు సంబంధించినది కాదు. కావున దానిని విడిచెదము. కాని మన ప్రశ్నకు సంబంధించిన యంశ మొకటి యిందు గలదు. ఒక్కని భుజముపై నిలిచిన సంస్థకు ఆ భుజము సంకెలలో బడినప్పుడు కుంటుపడుట తప్పదు. స్వయంప్రచురణమునకు గల రెండవ లోపమిది. సంస్థ మనుష్యునితో బుట్టి మనుష్యునితోడనే యాగును. వ్యవస్థ గల ప్రచురణాలయము యజమాని మంచము పట్టినను నడుచును.

ఐనను చెరసాల వారి సాహిత్యసేవకు పూర్ణవిరామము కాలేదు. నిజామాబాదు కారాగారమున దాశరథి కృష్ణమాచార్యులుగారు వారికి తోడుగా నుండిరి. కాగితము కలము లేనిచోట దాశరథిగారు బొగ్గుతో గోడమీద పద్యములు వ్రాసిన కథ లోకప్రసిద్ధము. గోడయే పుటయైనప్పుడు చదువరులు తోడి ఖైదీలే. అంతకంటె చిన్న ప్రచురణము, అంతకంటె పెద్ద ప్రచురణము మరియొకటి గలదా? 1949లో వెలువడిన తమ ప్రథమకావ్యము అగ్నిధారను దాశరథిగారు ఆళ్వారుస్వామిగారికే యంకిత మొసగిరి. రాజులకు, జమీందారులకు కృతులిచ్చి సన్మానములు పొందు సంప్రదాయమున, వంటవాడుగా బ్రతుకు ప్రారంభించిన యొక పుస్తకవిక్రేత కృతిభర్త యగుట తెలుగు సాహిత్యమున నపూర్వమైన గౌరవము.

చెరసాలలోని అనుభవములను వారు జైలు లోపల యను కథలసంపుటిగా వెలువరించిరి. దొంగలని, హంతకులని లోకము దూరముపెట్టిన ఖైదీల హృదయములను అందు జూపిరి. తెలంగాణమును గూర్చి పలువురు ప్రముఖులచేత వ్యాసములు వ్రాయించి తెలంగాణ మను పేర సంకలనములను సంపాదించి ప్రకటించిరి. 1955లో వారి ప్రజల మనిషి నవల వెలువడెను. నిజాము పాలనమున దిమ్మెగూడెమను పల్లె, అందలి దొర రామభూపాలరావు, అన్యాయము నెదిరించి ప్రజలను గూడగట్టిన కంఠీరవము: ఈ కథ ద్వారమున ఆంధ్ర మహాసభ కాలపు జనజీవనము చిత్రింపబడెను. సాయుధపోరాటమునకు ముందటి తెలంగాణమును ప్రతిబింబించిన తొలి నవలగా విమర్శకులు దీనిని మన్నింతురు. అప్పటికి వారికి నలుబదేండ్లు. ఇతరుల పుస్తకములు మోసి మోసి, తన పుస్తకము చివరకు వ్రాసికొనిన వాని యోర్పు మన కాశ్చర్యము గొల్పుచున్నది.

ప్రజల మనిషికి తరువాయిగా గంగు అను నవలను ప్రారంభించిరి. అది ముగియక మునుపే 1961 ఫిబ్రవరి 5వ తేదీన స్వర్గస్థులైరి. వయస్సు నలుబదియారు కూడ నిండలేదు. ఆ అసంపూర్ణ నవల 1965లో వెలుగు జూచెను. బ్రతికియున్నంతకాలము ఎందరి వ్రాతలనో అచ్చుకెక్కించిన వాని కడపటి వ్రాతను అచ్చుకెక్కించు భారము ఇతరులపై బడెను. వారు దానిని నిర్వహించిరి. ప్రజల మనిషి అనంతరకాలమున పలుమారులు పునర్ముద్రణము పొందినది. మన దేశపు చట్టము ననుసరించి గ్రంథకర్త మరణించిన తరువాత అరువది సంవత్సరములు గడచినంతట గ్రంథస్వామ్యము తీరును. ఆ లెక్కను 2022 ఆరంభమునుండి ఆ నవల లోకమునందరి సొత్తు. నేడెవ్వరైనను దానిని ముద్రింపవచ్చును. జీవితమంతయు పుస్తకమును ప్రజలపరము చేయుటకే ధారపోసిన వానికి ఇది తగిన ముగింపే.

ఇక మా యనుభవము నొకింత చెప్పుటకు పాఠకులు మన్నింతురు గాక. మా పెదతండ్రి యొకరు భక్తిశతకమును రచించి, మగ్గము కుదువబెట్టి అయిదువందల ప్రతులు అచ్చువేయించిరి. నలుబది ప్రతులు బంధువులకు పంచిరి. మిగిలినవి అటకమీద చెదపురుగుల పాలైనవి. మేము బుద్ధిమంతులమనుకొని మా చిన్న గ్రంథమును పెద్దపేరు గల యొక ప్రచురణసంస్థకు అప్పగించితిమి. మూడేండ్లు గడచినను ఔననుట గాని కాదనుట గాని లేదు. చివరకు వ్రాతప్రతియే కనబడలేదని సమాధానము వచ్చెను. పెదతండ్రిగారి శతకమున కనీసము నలుబది ప్రతులైనను మిగిలినవి. మా గ్రంథమున కదియును లేదు. ఒక్కడు తన బలమునకు మించి వేసికొన్న అచ్చును నష్టమే. తన బాధ్యత యావత్తు పరునిమీద వేసి యూరకుండుటయు నష్టమే. ఆళ్వారుస్వామిగారి జీవితమును చదివిన తరువాత ఈ రెండు తప్పులకును మూలము మాకు బోధపడినది. మా పెదతండ్రిగారు అచ్చువేయించిరి గాని మూట మోయలేదు. మేము వ్రాసితిమి గాని అచ్చును గూర్చి యేమియు నేర్వలేదు.

కావున మా మనవి యిది. మన సంఘము ఒక చిన్న గ్రంథమాలను స్థాపింపవలెను. ఇది ఏకాకి స్వీయప్రచురణము కాదు, పరుల దయకై వేచియుండుటయు గాదు, నడిమి మార్గము. మొదటిది, వ్రాతప్రతులను పరిశీలించుటకు మన కులమువారినే గాక భాషాపండితులైన ఇతరులను గూడ నియమింపవలెను. పరుని కన్ను లేనిదే తప్పు తెలియదు. రెండవది, విజ్ఞానచంద్రికా మండలివారి వలె ముందుగా చందాదారులను గూర్చుకొనవలెను. చందాల లెక్క తేలిన పిదపనే కాగితము కొనవలెను. మూడవది, ఇప్పుడు కొలది ప్రతులు మాత్రమే ముద్రించి, గిరాకిని బట్టి మరల ముద్రించుకొను యంత్రములు వచ్చినవి. అయిదువందల ప్రతులను అటకకు బలియిచ్చు నక్కర నేడు లేదు. నాలుగవది, ప్రతి గ్రంథమునకు ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యను బడయవలెను, ఇది మన దేశమున ఉచితముగానే లభించును. 1954నాటి చట్టము ననుసరించి కోల్‌కతా జాతీయ గ్రంథాలయమునకును, చట్టమునందు బేర్కొన్న ఇతర గ్రంథాలయములకును ప్రతులు పంపవలెను. అట్లు పంపిన పుస్తకమును ఇంటిచెదలు తినజాలవు. అయిదవది, గ్రంథస్వామ్యము రచయితకే విడిచి, అమ్మకపు లెక్కలను వార్షికసభలో చదివి వినిపింపవలెను. మరియు విస్తృతప్రచారము గోరదగిన గొప్ప గ్రంథము దొరికినచో దానిని పేరుగల ప్రచురణకర్తకు వ్రాతపూర్వకమైన ఒడంబడికతో నిచ్చుటకు వెనుదీయరాదు. పెద్ద సంతకు పెద్ద బండియే కావలెను.

ఇవన్నియు చేసినను ఆరవది లేనిచో ఫలము లేదు. అది మూట మోయుట. మన యువకులు మన వృత్తివారు విరివిగా నివసించు సిరిసిల్లనుండి భివండి, సూరతు, షోలాపురముల వరకు పోవుచు వచ్చుచుందురు. పోవునపుడు సంచిలో నాలుగు పుస్తకములు పెట్టికొనలేరా? పెండ్లికి వచ్చిన చుట్టమునకు వస్త్రముతో పాటు ఒక పుస్తకము నీయలేరా? ఒక నిరుపేద వంటకుఱ్ఱడు ఎదిగి ఒంటిగా చేసిన పనిని వేలాది కుటుంబములు గల మన సంఘము చేయలేదనుట మనకు చిన్నతనము.

మహారాజపోషకులకును, పోషకులకును మా విన్నపము. సత్రములు కట్టించితిరి, వసతిగృహములు నెలకొల్పితిరి, విద్యార్థులకు వేతనము లిచ్చితిరి; ఆ కీర్తి మీకు శాశ్వతము. ఇక నీ గ్రంథమాలకు మూలధనముగా మీ చేతనైనది యొసగుడు. రాతికట్టడము నూరేండ్లకు జీర్ణించును. మంచి పుస్తకము చదువరి యున్నంతకాలము జీర్ణింపదు. తమ వంతుగా ప్రతి సోదరుడును తన యింటి అటకను ఒక్కసారి దింపి చూచుగాక. అందు దొరికిన వ్రాతప్రతి ఎంత చినిగినదైనను, ఎంత మసిబారినదైనను మహాసభ కార్యాలయమునకు జేర్చుగాక. ఆళ్వారుస్వామిగారి మూటలోని పుస్తకములు పల్లె పల్లెకు జేరినట్లు మన పెద్దల పలుకులును మన బిడ్డల చేతికి జేరుగాక యని కోరుచు ఈ వ్యాసమును ముగించుచున్నాము.